ఓర్వకల్లులో దిగబోయి మళ్లీ పైకి లేచిన విమానం: కాక్‌పిట్‌లో అప్పుడు ఏం మాట్లాడుకుంటారు?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

పోయిన వారం అమ్మను తీసుకుని బెంగళూరు నుంచి కర్నూలుకు విమానంలో వచ్చాను. అమ్మకు 68 ఏళ్లు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. ఓర్వకల్లు రాళ్లగుట్టలు కిటికీలోంచి బాగా దగ్గరగా కనబడ్డాయి. రోడ్డు మీద లారీలు కూడా లెక్కపెట్టేంత కిందికి వచ్చేశాం. ఇక చక్రాలు నేలకు తగలడమే తరువాయి అనుకునేసరికి ఇంజన్ల మోత ఒక్కసారిగా పెరిగింది, ముక్కు పైకి లేచింది, మళ్లీ గుట్టలు చిన్నవైపోయాయి. లోపల ఎవరూ కిక్కురుమనలేదు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఏమైంది నాయనా, దిగలేదేం?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కొన్ని నిమిషాలకు పైలట్ మైకులో చెప్పారు, గాలి కుదరలేదు, చుట్టు తిరిగి మళ్లీ వస్తున్నాం అని. పావుగంటలో మామూలుగా దిగాం.

ఇంటికొచ్చాక విన్నవాళ్లంతా "పైలట్ కొత్తోడై ఉంటాడు" అన్నారు. ఆ మాట నాకు ఎక్కలేదు, కానీ కాదని చెప్పడానికీ ఏమీ తెలియదు. లోపల ఇద్దరు ఉంటారు కదా. పైకి లేపాలని ఎవరు నిర్ణయిస్తారు? ఒకరు దిగుదామని, ఒకరు వద్దని అంటే ఎవరి మాట చెల్లుతుంది? తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అమ్మకు చెప్పాలి.

గండికోట_గాలి (జమ్మలమడుగు)

20 ఏళ్లు కువైట్‌కు పోతూ వస్తూ ఉన్నాను. ఇలా రెండుసార్లు జరిగింది. నా అనుభవంలో చెప్తున్నా, చేయి తిరిగిన కెప్టెన్ అయితే గాలి ఉన్నా దించేస్తాడు. అంత కిందికి వచ్చి మళ్లీ లేపడమంటే ఏదో తేడా జరిగినట్టే. మీ చుట్టాలు అన్నదాంట్లో తప్పేమీ లేదనిపిస్తోంది.

కుడి_సీటు (అనంతపురం)

నేను ఏటీఆర్ విమానాల (ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న విమానాల) మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. పుట్టింది, పెరిగింది అనంతపురంలోనే. ఆ రోజు ఆ కాక్‌పిట్‌లో నేను లేను కాబట్టి ఆ విమానం గురించి తీర్పు చెప్పను. మామూలుగా ఏం జరుగుతుందో చెప్తాను. గండికోట అన్నా, మీ మాటకు అడ్డు చెప్తున్నానని ఏమీ అనుకోవద్దు.

మీరు చూసినదాన్ని గో అరౌండ్ అంటాం. దిగడం ఎలా నేర్పిస్తారో ఇదీ అలాగే నేర్పిస్తారు. దీనికోసం కూడా లెక్కగట్టే ఇంధనం నింపుతారు. ఒకసారి పైకి లేచి, వేరే ఊరికి వెళ్లి, అక్కడ కూడా అరగంట గాల్లో ఉండగలిగేంత మిగలాలి.

ఇద్దరిలో ఒకరు నడుపుతారు, రెండోవారు చూస్తారు. నడిపేది ఎప్పుడూ కెప్టెనే అని లేదు. ఒక ట్రిప్పు ఆయన, ఒక ట్రిప్పు నేను. చూసేవారిని పైలట్ మానిటరింగ్ అంటాం. ఆ పని తేలిక అనుకోవద్దు. వేగం, ఎత్తు, ఎంత జోరుగా కిందికి పోతున్నాం, ఇవన్నీ కళ్లతో పట్టుకుని, హద్దు దాటిన వెంటనే నోటితో చెప్పాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు.

దిగడం మొదలుపెట్టక ముందే బ్రీఫింగ్ ఉంటుంది. ఏ రన్‌వే, గాలి ఎటునుంచి, ఎంత ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే కనబడాలి, కనబడకపోతే ఎటు తిరిగి ఎంత పైకి ఎక్కాలి. స్థిమితంగా ఉన్నప్పుడే అన్నీ అనుకుంటాం, ఎందుకంటే 300 అడుగుల దగ్గర చర్చ పెట్టుకోలేం. 10,000 అడుగుల కిందికి వచ్చాక సొంత కబుర్లు బంద్. అమెరికాలో ఈ నియమం 1981లో వచ్చింది. దాని వెనుక 1974లో షార్లెట్‌లో జరిగిన ప్రమాదం ఉంది. పొగమంచులో దిగుతూ ఈస్టర్న్ సంస్థ విమానం రన్‌వేకు ఇవతలే నేలను తాకింది. 72 మంది పోయారు. కాక్‌పిట్ మాటలు పట్టే రికార్డర్ తీసి వింటే, దిగే సమయంలో కూడా పైలట్లు రాజకీయాలు, పాత కార్లు మాట్లాడుకుంటున్నారు.

ఇక అసలు విషయం. నేల నుంచి 1,000 అడుగుల ఎత్తులో ఒక గేటు ఉందనుకోండి. అక్కడికి వచ్చేసరికి చక్రాలు దిగి ఉండాలి, ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) సరైన మెట్టులో ఉండాలి, వేగం హద్దులో ఉండాలి, నిమిషానికి 1,000 అడుగుల కంటే జోరుగా పడకూడదు, చెక్‌లిస్ట్ పూర్తయి ఉండాలి. ఆకాశం తేటగా ఉంటే చాలా సంస్థలు 500 అడుగుల దాకా గడువిస్తాయి. ఆ గేటు దగ్గర కుదురుగా లేకపోతే ఇక దిగకూడదు. ఆ తర్వాత కూడా గాలి విసిరితే, కుక్క అడ్డం వస్తే, ఏదైనా సరే, ఇద్దరిలో ఎవరు "గో అరౌండ్" అన్నా నడిపేవారు పవర్ పెంచి పైకి లేపాలి. ఎందుకు అన్నావని అడగడం పైకి వెళ్లాకే.

ఓర్వకల్లు రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఏటీఆర్‌కు అది బాగానే సరిపోతుంది. కానీ దిగే వేగంలో సెకనుకు సుమారు 55 మీటర్లు పోతాం. చక్రాలు తగలడం నాలుగు సెకన్లు ఆలస్యమైతే 200 మీటర్ల పైచిలుకు రన్‌వే మన వెనక మిగిలిపోయినట్టే.

గండికోట_గాలి

వివరంగా రాశావు తమ్ముడూ, కోపమేమీ లేదు. కానీ ఒకటి అడుగుతా. పుస్తకంలో ఎవరన్నా సరే అని ఉండొచ్చు. 10,000 గంటలు నడిపిన కెప్టెన్ పక్కన నిన్నగాక మొన్న చేరిన పిల్లోడు "వద్దు" అంటే నిజంగా వింటారా? మన వైపు పెళ్లి మాటల్లోనే చిన్నోళ్ల మాట చెల్లదు.

కుడి_సీటు

ఆ ప్రశ్నే అసలైన ప్రశ్న అన్నా. విననందువల్లే మన దేశంలో రెండు పెద్ద ప్రమాదాలు జరిగాయి.

మంగళూరు, 22 మే 2010. దుబాయ్ నుంచి వచ్చిన విమానం. 166 మందిలో 158 మంది చనిపోయారు. ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రపోయారు, గురక శబ్దం రికార్డర్‌లో ఉంది. లేచి దించే వేళకు విమానం ఉండాల్సిన దానికంటే చాలా ఎత్తులో ఉంది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ అన్నట్టు విచారణలో తేలింది. విమానంలోని హెచ్చరిక యంత్రం కూడా అరుస్తూనే ఉంది. అయినా దిగారు. 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక చక్రాలు తగిలాయి. కొండ మీద కట్టిన రన్‌వే అది, చివర లోయ.

కోళికోడ్, 7 ఆగస్టు 2020. వాన, ఒక వైపర్ సరిగా పనిచేయలేదు, వెనక నుంచి గాలి. ఒకసారి దిగబోయి పైకి లేచారు, రెండోసారి ఇంకో వైపు నుంచి వచ్చారు. రన్‌వేలో దాదాపు సగం దాటాక నేల తగిలింది. చూసే పైలట్ గో అరౌండ్ అన్నారు, నడిపేవారు ఆపలేదు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది పోయారు. నివేదికలో రాసిన మాట నేను మర్చిపోలేను. నడిపేవారు వినలేదన్నది ఒక కారణం. చూసేవారు కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోకపోవడం కూడా ఒక కారణం.

చెప్పడంతో నా పని అయిపోదన్నమాట. విననప్పుడు "ఐ హావ్ కంట్రోల్", అంటే ఇక నడిపేది నేనే అని కంట్రోల్స్ పట్టుకోవాలి. కుడి సీట్లో కూర్చున్నవాళ్లకు ఇంతకంటే బరువైన మాట లేదు.

విమాన భద్రత మీద పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్క ఒకటుంది. కుదురుగా లేకుండా వస్తున్న వందింట్లో సుమారు మూడు మాత్రమే గో అరౌండ్ చేస్తున్నాయట. మిగతావి అలాగే దిగేస్తున్నాయి. ఎక్కువసార్లు ఏమీ కాదు కాబట్టి అదే అలవాటవుతుంది. ఓర్వకల్లులో మీరు చూసింది ఆ మూడింటి లాంటి పని. నాకైతే ఆ పైలట్లకు దండం పెట్టాలనిపిస్తోంది.

గండికోట_గాలి

మంగళూరు విమానం సంగతి తెలుసు. ఆ రోజు కువైట్‌లో మా రూములో ఎవరమూ అన్నం తినలేదు. గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్న మనుషులు వాళ్లు, ఎవరి పెట్టెలో చూసినా పిల్లలకు కొన్న బొమ్మలే ఉంటాయి. కానీ పక్కన కూర్చున్న అబ్బాయి మూడుసార్లు వద్దన్నాడని ఇప్పుడే వింటున్నా. మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఘాట్_రోడ్డు (ఆత్మకూరు)

30 ఏళ్లు లారీ నడిపాను. ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎన్నిసార్లు దిగానో లెక్క లేదు. విమానం సంగతి నాకు తెలియదు గానీ ఈ చర్చ చదువుతుంటే నా మాట ఒకటి చెప్పుకోవాలనిపించింది.

ఒక రాత్రి సిమెంటు లోడుతో వస్తున్నాను. తెల్లవారుజామున కునుకు పట్టింది. పక్కన క్లీనర్, 19 ఏళ్ల పిల్లోడు, మేలుకునే ఉన్నాడు. బండి ఎడమకు జరిగి గట్టు రాయికి రాసుకుని ఆగింది. దేవుడి దయ, అవతల లోయ. కిందికి దిగి "చూస్తూ ఉన్నావు కదరా, లేపలేదేం" అని అడిగితే వాడు ఏడుస్తూ చెప్పాడు, "పోయినసారి లేపితే కొట్టావు కదన్నా."

కొట్టిన మాట నిజం. ముందు వారమే, నేను నిద్రపోకుండానే లేపాడని చెంప మీద ఒకటి వేశాను. ఆ రాత్రి వాడి నోరు మూయించింది నా చెయ్యే. తర్వాత నా బండి ఎక్కిన ప్రతి క్లీనర్‌కూ మొదటి రోజే చెప్పేవాణ్ని, అనుమానం వస్తే తట్టు, అది తప్పయినా ఏమీ అనను అని.

కుడి_సీటు

అన్నా, మీరు రాసింది మా ట్రైనింగ్‌లో చెప్పుకోవాల్సిన విషయం. నిజంగా.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కెప్టెన్‌తో నడిపాను. విమానం చుట్టూ తిరిగి చూసుకునేటప్పుడే నాతో అన్నారు, "ఈరోజు నేను ఒక్క తప్పయినా చేస్తాను. అది పట్టుకోవడం నీ పని." మూడో ట్రిప్పులో టవర్ (నేల మీద నుంచి విమానాలకు దారి చెప్పేవాళ్లు) చెప్పిన ఎత్తు ఒకటి, ఆయన పెట్టింది ఒకటి. నేను చెప్పాను. ఆయన సరిచేసి "థాంక్యూ" అన్నారు, అంతే. తప్పు నిజంగా చేశారో, నన్ను పరీక్షించారో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నాకు నోరు విప్పడానికి టెన్షన్ పడాల్సిన పని రాలేదు.

పెన్నా_బిడ్డ (కడప)

ఇది పెద్ద విమానం కాదు, హెలికాప్టర్. అయినా మన జిల్లావాళ్లం ఈ చర్చలో తలుచుకోకుండా ఎలా ఉంటాం? 2 సెప్టెంబర్ 2009. రాజశేఖర రెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. మరుసటి రోజు ఉదయం దాకా ఆచూకీ లేదు. మా వీధిలో ఆ రాత్రి టీవీలు ఆపలేదు. పావురాలగుట్ట పేరు అప్పటిదాకా మాలో చాలామంది వినలేదు. ఐదుగురూ పోయారు.

తర్వాత నివేదిక గురించి పేపర్లో చదివాను. వాన మబ్బులు కమ్ముకున్న సమయంలో ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక ఒకటి వచ్చిందని, పైలట్లిద్దరి ధ్యాస కొన్ని నిమిషాలపాటు దాని మీదే ఉండిపోయిందని. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే కదా. ఒకరు దాన్ని చూస్తే ఇంకొకరు బయట చూడాలి కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కుడి_సీటు

ఆ రోజు నేను బడి పిల్లాణ్ని. మాకూ గుర్తుంది.

మీకు అనిపించిందే ఈ చదువంతటికీ మూలం అక్కా. 1972 డిసెంబర్ 29న అమెరికాలోని మయామిలో దిగబోతున్న ఒక విమానంలో, ముందు చక్రం దిగిందని చూపే లైటు వెలగలేదు. చక్రం దిగిందో లేదో తేల్చుకోవడానికి 2,000 అడుగుల ఎత్తులో తిరుగుతూ అందరూ ఆ బల్బు మీదే పడ్డారు. విమానం మెల్లగా కిందికి జారుతోందని ఎవరూ చూడలేదు. చిత్తడి నేలలో పడింది, 101 మంది పోయారు. ఆరేళ్లకు, 1978లో పోర్ట్‌లాండ్ దగ్గర ఇంకొకటి. అక్కడా చక్రం సమస్యే. కెప్టెన్ దాని మీదే గంటసేపు ఉండిపోయారు, ఇంధనం అయిపోతోందని కాక్‌పిట్‌లోని మిగతా ఇద్దరూ (అప్పట్లో అలాంటి విమానాల్లో ముగ్గురు ఉండేవారు) అన్నారు గానీ గట్టిగా అనలేదు. ట్యాంకులు ఖాళీ అయి ఊరి శివార్లలో పడింది, పది మంది చనిపోయారు. దాని తర్వాతే 1979లో నాసా పెద్ద సమావేశం పెట్టింది, ఆ విమానం నడిపిన యునైటెడ్ సంస్థ 1981లో శిక్షణ మొదలుపెట్టింది. దాన్ని ఇప్పుడు సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, అంటే సిబ్బంది ఒకరి మాట ఒకరు వింటూ కలిసి పనిచేయడం) అంటున్నాం, ప్రపంచమంతా నేర్పుతున్నారు. అందులో మొదటి పాఠం మీరు అన్నదే. ఏ గొడవ వచ్చినా ఒకరు మాత్రం విమానాన్నే చూస్తూ ఉండాలి.

తుంగభద్ర_ఒడ్డు

ఇంత లోతు ఉంటుందని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక చిన్న సందేహం. లోపల ఇద్దరూ తెలుగువాళ్లే అయితే తెలుగులోనే మాట్లాడుకుంటారా?

కుడి_సీటు

పైన, అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు, కర్నూలు పక్కనున్న ఏ హోటల్లో ఉగ్గాని బజ్జీ బాగుంటుందో తెలుగులోనే మాట్లాడుకుంటాం. దిగేటప్పుడు మాత్రం ముందే ఖాయం చేసిన ఇంగ్లిష్ మాటలే. తెలుగు మీద గౌరవం లేక కాదు, నేను దీని గురించి చాలా ఆలోచించాను.

మన భాషలో పెద్దవాళ్లతో మాట్లాడటం చూడండి. "సార్, స్పీడు కొంచెం ఎక్కువుందేమో, ఒకసారి చూస్తారా" అంటాం. అందులో "కొంచెం", "ఏమో", "ఒకసారి", చివర ప్రశ్న, నాలుగు మెత్తలు వేశాం. మర్యాద నిలిచింది, ప్రమాదం మాత్రం మెత్తల కింద దాక్కుంది. వినేవారికి అది సలహాలా వినిపిస్తుంది. కాక్‌పిట్‌లో ఆ చోట ఒకే మాట ఉంటుంది: "స్పీడ్". కిందికి జోరుగా పోతుంటే "సింక్ రేట్". నేను ఎవరు, ఆయన ఎవరు అనే తేడా ఆ మాటలో లేదు. నడిపేవారు "కరెక్టింగ్" (సరిచేస్తున్నాను) అని జవాబివ్వాలి. జవాబు రాలేదంటే వినలేదనో, ఒంట్లో బాగాలేదనో అనుకోవాలి. రెండుసార్లు పిలిచినా పలకకపోతే మనమే పట్టుకోవాలి.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. 1997లో గువామ్ దీవిలో కొరియన్ ఎయిర్ విమానం రాత్రి వానలో కొండను తాకింది, 228 మంది పోయారు. కెప్టెన్ చేస్తున్నది సరిగా లేదని పక్కన ఉన్న ఇద్దరూ గట్టిగా నిలదీయలేదని విచారణ తేల్చింది. తర్వాత ఆ సంస్థ శిక్షణంతా మార్చుకుంది, ఇప్పుడు దానికి మంచి పేరుంది. మారగలమని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

టవర్‌తో మాటలోనూ అంతే. 1990లో న్యూయార్క్‌లో దిగాల్సిన అవియాంకా (కొలంబియా సంస్థ) విమానం చాలాసేపు గాల్లో తిరిగింది. ఇంధనం అయిపోతోందని చెప్పారు, ముందు మమ్మల్ని దించండి అన్నారు, కానీ "ఎమర్జెన్సీ" అనే మాట అనలేదు. కింద వాళ్లకు ఆ తీవ్రత అందలేదు. 73 మంది చనిపోయారు. చెప్పడం వేరు, అవతలివాళ్లకు అందేలా చెప్పడం వేరు. అందుకే టవర్ చెప్పిన ప్రతి అంకెనూ మేం తిరిగి పలుకుతాం, వాళ్లు విని సరిచూసుకుంటారు.

సిస్టర్_థియేటర్ (కర్నూలు)

నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఆ "ఏమో" నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ల కిందట పనిచేసిన చోట, గోడకు పెట్టిన ఎక్స్‌రే తిరగబడి ఉందని నాకు అనుమానం వచ్చింది. డాక్టర్ గారు పెద్దాయన, కోపం ఎక్కువ. "సార్, ఒకసారి సైడు చూస్తారా" అని మెల్లగా అన్నాను. వినిపించలేదు. రెండోసారి అనడానికి గొంతు రాలేదు. మత్తు డాక్టర్ గారు నా ముఖం చూసి "సిస్టర్ ఏదో అంటోంది, ఆగండి" అన్నారు. నిజంగానే తిరగబడి ఉంది. ఆయన ఆగమనకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్ట్ తెచ్చింది. విమానాల్లోంచి వచ్చిన ఆలోచనే అది. కోతకు ముందు అందరూ ఆగి పేషెంటు పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, బయటికి చెప్పాలి. థియేటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు కూడా చెప్పుకోవాలి. పేరు చెప్పుకోవడం ఎందుకని మొదట్లో అనుకునేదాన్ని. ఒకసారి నోరు తెరిచినవాళ్లు రెండోసారి తేలిగ్గా తెరుస్తారు, అది నేను కళ్లారా చూశాను.

గుత్తి_కోట (గుత్తి)

మొదటి నుంచి చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అని. మా అమ్మాయి పైలట్ ట్రైనింగ్‌లో ఉంది. అప్పు చేసి చదివిస్తున్నాం. చిన్నప్పటి నుంచి దానికి నేను నేర్పింది ఒకటే, పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదు. నలుగురిలో గొంతు పెంచితే ఆడపిల్లవని కసిరాను కూడా. ఇప్పుడు ఇది చదివాక గుండె దడగా ఉంది. రేపు అది పెద్ద కెప్టెన్ పక్కన కూర్చుని "వద్దు" అనగలదా? నేనే దాని నోరు కట్టేశానా?

కుడి_సీటు

అమ్మా, మీరు బాధపడకండి. నాకూ మా ఇంట్లో అదే నేర్పారు. అందరం అలాంటి ఇళ్లలోంచే వచ్చాం, అందుకే దీన్ని స్వభావానికి వదిలేయకుండా పదే పదే సాధన చేయిస్తారు. సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండే నమూనా కాక్‌పిట్‌లో, కెప్టెన్ ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తారు, లేదా కావాలనే వేగం పెంచుతారు. మనం పిలుస్తామా లేదా, పిలిచి ఊరుకుంటామా, చేతిలోకి తీసుకుంటామా అని వెనక కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ చూస్తుంటారు. మొదటిసారి నేను ఫెయిలయ్యాను. "సార్, సార్" అంటూనే ఉన్నాను, విమానం నేలకు తగిలిపోయింది. సిమ్యులేటర్ కాబట్టి ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. మూడోసారికి చెయ్యి దానంతటదే వెళ్లింది.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఉంది. మీరు చేసే పనిలో తప్పు కనబడితే చెప్పమనండి. చెప్పినప్పుడు కసరకుండా "అవును, చూసుకోలేదు" అనండి. మీ నోట ఆ మాట విన్న పిల్ల కెప్టెన్ దగ్గర కూడా చెప్తుంది.

గుత్తి_కోట

నిన్న రాత్రి ఫోన్‌లో దానికి ఇదంతా చదివి వినిపించాను. "అమ్మా, నువ్వు నా హాస్టల్ ఫీజు రెండుసార్లు కట్టావు, పోయిన నెలే చూశాను, నువ్వు బాధపడతావని చెప్పలేదు" అంది. పొద్దున బ్యాంకుకు వెళ్లి వచ్చాను. నిజమే.

తుంగభద్ర_ఒడ్డు

ఇవన్నీ అమ్మకు చెప్పాను. ఘాట్ రోడ్డు అన్న రాసింది రెండుసార్లు చదివించుకుంది. ఆదివారం మళ్లీ బెంగళూరు వెళ్తున్నాం, బస్సులో పోదామా అని అడిగితే విమానమే అంది. దిగాక ఆ ఇద్దరినీ చూడొచ్చా, కుడివైపు కూర్చున్న పిల్లాడికో పిల్లకో ఒక మాట చెప్పాలి అంటోంది. అలా కలవనిస్తారా?

కుడి_సీటు

దిగేటప్పుడు తలుపు దగ్గర ఉన్న ఎయిర్‌హోస్టెస్‌ను అడగండి. టైం ఉంటే మేమే బయటికి వస్తాం.